ఇన్‌సాఫ్ జమియ్యా, రబీహ్ జల్లెడ

రబీహ్ షమ్మా పేరెత్తగానే లెబనాన్‌లో మా సైదా ఊళ్ళో వినబడే మొదటి మాట, "పాపం, మంచివాడు." ఈ మాటతో నాకు చాలాకాలంగా పేచీ. మనిషి మంచివాడని తేల్చేస్తే అతను చేసిన పని చూడనక్కరలేదు. చెడ్డవాడని తేల్చినా అంతే. రబీహ్ చేసిన పని చూడదగ్గది. అందుకని అతని మంచితనాన్ని చెప్పులతో పాటు గడప అవతల విడిచి లోపలికి వెళ్దాం.

బేరూత్‌లో గణాంకశాస్త్రం చదివాడు. ఒక బ్యాంకులో చేరి ఖాతాదారుల లెక్కలు చూసేవాడు. బ్యాంకులు జనం సొమ్ము దిగమింగి తలుపులు మూసుకున్నాక ఖాతాదారులూ లేరు, లెక్కలూ లేవు. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాడు. ఆ తర్వాత బేరూత్‌లోని బదారో పేటలో ఒక చిన్న కంపెనీ పిలిచింది. దఫ్ఫా అనే బ్లాక్‌చెయిన్‌ను, అంటే పద్దుల గొలుసును, నడిపే కంపెనీ అది. రోజూ పొద్దున్నే వ్యానెక్కి బేరూత్ వెళ్ళడం, సాయంత్రానికి సముద్రపు రోడ్డు మీద ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ తిరిగి రావడం. పెళ్ళి కాలేదు. సిగరెట్టు మానేశానని చెప్పేవాడు, అడిగి తాగేవాడు.

దఫ్ఫా అంటే డబ్బు ఒకరి ఫోను నుంచి ఇంకొకరి ఫోనుకి బ్యాంకు గడప తొక్కకుండా వెళ్ళే దారి. ప్రతి బదిలీ అందరికీ కనబడే పద్దులో పడుతుంది, ఎవరూ చెరపలేరు. పద్దులో పేర్లు మాత్రం ఉండవు. వాలెట్లుంటాయి. ఒక్కో వాలెట్‌కి అంకెలూ అక్షరాలూ కలిపిన పొడుగాటి తోక ఉంటుంది. ఆ తోక వెనకాల ఉన్నది ముసలమ్మో, దొంగో, యంత్రమో పద్దుకి తెలియదు.

రబీహ్ ఉద్యోగమల్లా ఒక ప్రశ్నకి జవాబు చెప్పడం. వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తున్నారా? ఈ నెల దఫ్ఫాలో అడుగుపెట్టినవాళ్ళలో వచ్చే నెల ఎంతమంది కనబడ్డారు, ఆ పై నెల ఎంతమంది మిగిలారు? మా వీధి చివర ఉడికించిన గింజల ఫూల్ అమ్మే అతను ఈ లెక్క కళ్ళతో చేస్తాడు, ముఖాలు గుర్తుంటాయి కాబట్టి. రబీహ్‌కి ముఖాలు లేవు. పైగా కంపెనీ కొత్తవాళ్ళకి కానుకలిచ్చేది. ఆ కానుకల కోసం ఎవడో ఒక్కడే వందల వాలెట్లు తెరిచి, వాటి మధ్య డబ్బు అటూ ఇటూ తిప్పి, మనుషులు తిరుగుతున్నట్టు నటించేవాడు. అలాంటి దొంగ గుంపుల్ని ఏరిపారేయకపోతే తిరిగొచ్చినవాళ్ళ లెక్కకి అర్థం లేదు.

ఇక ఇన్‌సాఫ్ గురించి. రబీహ్ తల్లికి అక్క, అతను పిలిచేది ఖాల్తో అని. ఆడపిల్లల బడిలో వ్యాకరణం చెప్పి రిటైరయింది. భర్త పోయాక కూడా అదే మేడలో, మూడో అంతస్తులో ఉంటోంది. ఆమె నడిపే జమియ్యా రబీహ్ కంటే వయసులో పెద్దది. చీటీ తెలిసినవాళ్ళకి జమియ్యా అర్థమైపోతుంది. పాట మాత్రం ఉండదు. ఇన్‌సాఫ్‌తో కలిపి పద్నాలుగు మంది ఆడవాళ్ళు నెల మొదటి తారీకున సమానంగా వేస్తారు. ఆ నెల ఎవరి వంతైతే వాళ్ళకి మొత్తం వెళ్తుంది. వంతుల వరుస ఇన్‌సాఫ్ నిర్ణయిస్తుంది. సంతకాలు లేవు, వడ్డీ లేదు. పూచీ అంతా ఇన్‌సాఫ్ పేరే.

ఆ పేరు ఊరికే రాలేదు. మొదటి తారీకు మధ్యాహ్నపు అస్ర్ నమాజు పిలుపు లోపల డబ్బు అందకపోతే ఆమె ఫోను చేయదు. నల్లకోటు వేసుకుని, చేతిసంచి పట్టుకుని వచ్చి నీ గుమ్మం ముందు నిలబడుతుంది. నోరు విప్పదు. ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు తలుపులు తీసి చూస్తారు. ఆ జమియ్యాలోనే ఉన్న మా అమ్మకి ఆ అనుభవం ఒకసారి అయింది. రెండోసారి కాలేదు. యుద్ధం నాటి వేసవిలో, వంతెనలు కూలిపోయిన నెలలో కూడా ఆ జమియ్యాలో ఆలస్యం లేదు.

బ్యాంకులు మూతపడ్డాక నోట్ల కట్టలు ఇంట్లో పెట్టుకుని ఇన్‌సాఫ్‌కి నిద్ర పట్టేది కాదు. "నీ ఫోను గొలుసు సంగతేదో మాక్కూడా చూపించు" అని ఆమే అడిగింది. ఒక ఆదివారం రబీహ్ పద్నాలుగు మందినీ ఆమె హాల్లో కూర్చోబెట్టి, ఒకే వైఫై మీద, ఒకరి తర్వాత ఒకరికి వాలెట్లు తెరిచాడు. బదిలీకి కాస్త రుసుము పడుతుంది కాబట్టి ముందు ఇన్‌సాఫ్ వాలెట్‌లోంచి తలా కొంచెం పంపించాడు.

"పాస్‌వర్డ్‌కి నా పుట్టినరోజు పెట్టకు బాబూ" అంది నజ్వా. కింద సెలూన్ ఆవిడదే. "నా వయసు బయటపడిపోద్ది."

"మీ వయసు ఊరందరికీ తెలుసు కదా."

"ఊరికి తెలిస్తే పర్లేదు. ఫోనుకి తెలిస్తే ఫొటోలు ముసలిగా తీస్తది."

అలా మొదలైంది. రెండేళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. రబీహ్ ఆ ఆదివారాన్ని మరచిపోయాడు. నాకు తోచిందేమంటే, ఇంట్లో చేసింది సాయం, ఆఫీసులో చేసేది పని. ఈ రెంటికీ మధ్య మనలాంటి చదువుకున్నవాళ్ళు కట్టుకునే గోడ చాలా మందం.

అబూధాబీ నుంచి పెట్టుబడిదారులు వస్తున్నారని తెలిసిన రోజున కంపెనీ అధిపతి సిరీన్ అతని బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె చెడ్డ మనిషేం కాదు, తొందర మనిషి.

"రబీహ్, వాళ్ళు వాలెట్లు చూడరు. మనుషులు కావాలంటారు."

"పద్దులో మనుషులుండరు సిరీన్. వాలెట్లే ఉంటాయి."

"అయితే వాలెట్లలోంచి మనుషుల్ని ఏరి ఇవ్వు. పప్పులోంచి రాళ్ళేరినట్టు."

"ఇప్పుడున్న పరిస్థితిలో రాళ్ళలోంచి పప్పు ఏరినట్టుంటుంది."

"ఏదో ఒకటి ఏరు నాయనా. గురువారానికి కావాలి."

అతను జల్లెడ తయారుచేశాడు. తెలివైన జల్లెడ, అందులో అనుమానం లేదు. ఏ వాలెట్లు ఒకే పూట పుట్టాయి, మొదటి రుసుము ఒకే చేతి నుంచి వచ్చినవి ఏవి, ఏవి ఒకే రోజు ఒకే మొత్తం పంపుతాయి, అన్నీ కలిసి ఒకే వాలెట్‌లోకి పోసేవి ఏవి. ఈ నాలుగూ కలిస్తే అది దొంగ గుంపు. గుంపులోని వాలెట్లు లెక్కలోంచి పోతాయి. అంతటితో ఆగలేదు. గొలుసును ఎవరూ ఆపలేరు గానీ, గొలుసులోకి వెళ్ళే వాకిలి కంపెనీ యాప్‌దే. దొంగ అని తేలిన వాలెట్‌కి ఆ వాకిలి మూసేయాలని సిరీన్ అంది. సరేనని, వాకిలి మీద తగిలించే బోర్డు వాక్యం కూడా రబీహే రాశాడు.

పెట్టుబడిదారుల సభలో చూపించడానికి ఒక మంచి ఉదాహరణ కావాలంది. జల్లెడ పట్టిన గుంపులన్నిట్లోకీ ముచ్చటైనదాన్ని రబీహ్ ఎంచాడు. మధ్యలో ఒక పెద్ద చుక్క, చుట్టూ పదమూడు చిన్న చుక్కలు. ప్రతి నెల మొదటి తారీకున పదమూడు గీతలు మధ్య చుక్కలోకి వస్తాయి, మధ్యాహ్నం దాటకుండా. రెండేళ్ళలో ఒక్క గీతా తప్పలేదు.

చదువుతున్నవాళ్ళకి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. అతనికి అర్థం కాలేదు. చుక్కలు లెక్కపెట్టి కూడా అనుమానం రాలేదు. ఆ బొమ్మ కింద అతను రాసింది ఇది: "మనుషులు ఆలస్యం చేస్తారు, మరచిపోతారు, అలుగుతారు. వీళ్ళు ఒక్కసారి కూడా చేయలేదు. కాబట్టి వీళ్ళు మనుషులు కారు." పైన శీర్షిక పెట్టాడు, తోలుబొమ్మలు అని.

సభలో అది బాగా పండింది. తెల్లటి దుస్తుల్లో వచ్చిన ఒక పెద్దమనిషి నవ్వి, "మధ్యలో ఉన్నవాడు ఎవడయ్యా?" అని అడిగాడు.

"ఎవడో పనీపాటా లేనివాడు. కూర్చుని తాళ్ళు లాగుతుంటాడు" అన్నాడు రబీహ్.

గదంతా నవ్వింది. సిరీన్ బల్ల కింద అతని మోకాలిని తట్టింది.

తర్వాతి నెల మొదటి తారీకు మధ్యాహ్నం జల్లెడ పనిచేయడం మొదలుపెట్టింది. అంతకుముందే, పొద్దున్న, పదమూడు మందీ డబ్బు పంపేశారు. ఇన్‌సాఫ్ దాన్ని హయాత్‌కి పంపబోతే వాకిలి మూసి ఉంది. హయాత్ రెండో అంతస్తులో ఉంటుంది. ఆమె భర్త ఊపిరితిత్తులు పాడై ఆక్సిజన్ మిషన్ మీద బతుకుతున్నాడు. సర్కారు కరెంటు రోజుకి ఎంతసేపుంటుందో చెప్పలేం, పేటకి కరెంటు అమ్మే జనరేటరువాడు మధ్యరాత్రికి కట్టేస్తాడు. మేడ మీద బ్యాటరీలు పెట్టించుకోవడానికే ఆ నెల వంతు ఆమెకిచ్చింది ఇన్‌సాఫ్. బ్యాటరీలవాడు సరుకు తెచ్చి మెట్ల కింద దించేశాడు కూడా.

ఇన్‌సాఫ్ చెల్లెలి కొడుక్కి ఫోను చేయలేదు. "పిల్లాడు పెద్ద పనిలో ఉన్నాడు, చిన్నదానికి తొందరపెట్టకూడదు" అంది మా అమ్మతో. రెండు రోజులు ఆగింది. మూడో రోజు చేతి గాజులు తీసి బంగారం బజారులో అమ్మి, హయాత్ వంతు హయాత్‌కి ఇచ్చేసింది. అక్కడితో అయిపోవాల్సింది. అక్కడే మొదలైంది.

నజ్వా సెలూన్‌లో మాట పుట్టింది. తలకి రంగు పూసుకుని కూర్చున్న మా అమ్మ చెవులారా విన్నది.

"మన సొమ్ము తినకపోతే గాజులెందుకు అమ్ముతదే?" అంది నజ్వా. "డబ్బు ఉంటే పంపేది కదా."

"ఫోను ఆగిపోయిందంటోంది."

"మన ఫోన్లన్నీ ఆగిపోయినాయి. ఎందుకాగినాయి? ఆమెతో లెక్క కలిసినందుకు. ఎర్రగా ఏం రాసిందో చూడలేదా? నిజమైన మనిషి కాదంట. కంపెనీవోడు ఊరికే రాస్తాడా?"

"నలభై ఏళ్ళ నుంచీ చూస్తున్నాం గదే ఇన్‌సాఫ్‌ని."

"నలభై ఏళ్ళు బ్యాంకుని కూడా చూశాం."

ఈ చివరి మాటకి జవాబు చెప్పగలిగినవాళ్ళు లెబనాన్‌లో ఎవరూ లేరు.

రబీహ్ రెండు వారాల తర్వాత ఆదివారం భోజనానికి వెళ్ళాడు. ఇన్‌సాఫ్ ములూఖియా ఆకుకూర వండింది. అన్నం వడ్డిస్తుంటే ఆమె మణికట్టు అతని కంటబడింది.

"గాజులేవి ఖాల్తో?"

"చేతులు వాస్తున్నాయి. వయసు." ఆమె నిమ్మకాయ పిండుతూ ఫోను అతని వైపు తోసింది. "నువ్వు తిన్నాక ఇదొకసారి చూడు. ఏదో ఎర్రగా అంటోంది కొన్నాళ్ళుగా."

అతను తినకముందే చూశాడు. "ఈ వాలెట్ నిజమైన వినియోగదారునిది కాదని తేలింది. లావాదేవీలు నిలిపివేయబడ్డాయి." అతని సొంత వాక్యం. ఒక్కొక్క మాట ఎక్కడ కూర్చుని రాశాడో కూడా గుర్తుంది.

"ఎవరు రాశారో గాని వ్యాకరణం బాగుంది" అంది ఇన్‌సాఫ్. "తేలింది, నిలిపివేయబడ్డాయి. చేసినవాడు మాత్రం ఎక్కడా కనబడడు. ఇలా రాస్తే నా క్లాసులో మంచి మార్కులు వేసేదాన్ని."

మధ్య చుక్క ఎవరో, చుట్టూ పదమూడు ఎవరో, ఆ పెద్దమనిషి ప్రశ్నకి తను ఏం జవాబు చెప్పాడో, అంతా ఒక్కసారిగా వచ్చి కంచంలో పడింది. ఒకే పూట పుట్టించింది తను. మొదటి రుసుము ఒకే చేతి నుంచి పంపించింది తను. జల్లెడ పట్టుకున్న నాలుగు గుర్తుల్లో రెండు తను స్వయంగా పెట్టినవే. మిగిలిన రెండూ ఆమె క్రమశిక్షణ.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

"ఏదో సాంకేతిక లోపం ఖాల్తో. రేపు సరిచేయిస్తాను" అన్నాడు.

సాంకేతిక లోపం అన్న మాట ఎవరు కనిపెట్టారో గానీ, మా తరానికి అది పెద్ద వరం. పూర్వం జనం విధి అనేవాళ్ళు.

సోమవారం కాఫీ చల్లారేలోపే ఆ గుంపును జల్లెడ నుంచి తప్పించాడు. సిరీన్‌కి చెప్పాడు, అదీ సగమే. "ఒక గుంపు పొరపాటున పడింది, మా చుట్టాలు" అన్నాడు.

"తీసెయ్. ఆ స్లైడు మాత్రం కదపకు. వాళ్ళకి చాలా నచ్చింది."

ఆ స్లైడులో ఉన్నది ఆ చుట్టాలేనని అతను అనలేదు.

వాకిలి తెరుచుకుంది. డబ్బు కదిలింది. ఇన్‌సాఫ్ పేరు మాత్రం కదల్లేదు, ఇంకా లోతుకి దిగింది. ఎందుకంటే మా దేశంలో మూసిన తలుపు తెరుచుకుందంటే దానికి ఒకటే కారణం, వాస్తా. ఎవరో ఎవరికో చెప్పి పని జరిపించడం. చెల్లెలి కొడుకు అదే కంపెనీలో ఉన్నాడు, కేసు మూయించేశాడు. ఇంతకంటే రుజువేం కావాలి? ముగ్గురు జమియ్యా నుంచి తప్పుకుంటామన్నారు. మెట్ల మీద ఎదురైనవాళ్ళు సలాం మింగేసి పోయేవాళ్ళు. సాయంత్రం బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి కూర్చోవడం మానేసింది. హయాత్ ఒక్కతే పైకి వచ్చిపోయేది, ఆమె కూడా కళ్ళు దించుకుని.

ఈ సంగతి, గాజుల సంగతి రబీహ్‌కి చెప్పింది నేనే.

"సాంకేతిక లోపమని మీ అమ్మకి చెప్పు, ప్లీజ్" అన్నాడు.

"చెప్పాను. నవ్వింది."

"అయితే నేనే వచ్చి చెప్తాను" అన్నాడు. ఏం చెప్తాడో నాకప్పటికి తెలియదు.

మొదటి తారీకు మధ్యాహ్నం ఇన్‌సాఫ్ హాల్లో అందరూ ఉన్నారు. తప్పుకుంటామన్న ముగ్గురు కూడా వచ్చారు, తప్పుకునే మాట ముఖం మీదే చెప్పాలి కాబట్టి. మా అమ్మను దిగబెట్టే మిషతో నేను కూడా గోడ పక్కన కూర్చున్నాను. కాఫీ అయింది. రబీహ్ లేచి నిలబడ్డాడు.

"ఖాల్తో ఏ తప్పూ చేయలేదు. ఫోన్లు ఆపింది నేను. దొంగ వాలెట్లను పట్టే జల్లెడ ఒకటి రాశాను. అందులో మీరు పడ్డారు. నేను చూసుకోలేదు."

నజ్వా మెత్తగా, చాలా మెత్తగా అంది. "ఎంత మంచి పిల్లాడివి నాయనా. పెద్దమ్మ కోసం నింద నెత్తినేసుకుంటున్నావు."

"నింద కాదు. నిజం."

"నిజమేలే. కూర్చో. మీ అమ్మ అదృష్టవంతురాలు."

"అల్లా చల్లగా చూడాలి నిన్ను" అంది ఇంకొకావిడ. ఇద్దరు ముగ్గురు తలలూపారు. నేను అతని ముఖం చూశాను. చెంప మీద కొట్టినా అంత ఎర్రబడేది కాదు. తను చేసిన తప్పు ఒప్పుకోవడానికి వస్తే అతని మంచితనం లెక్కలో జమ వేస్తున్నారు. ఇన్‌సాఫ్ ఖాతాలో ఒక్క మచ్చా చెరగలేదు. పైగా కొత్తది చేరింది, పిల్లాడితో అబద్ధమాడించిందని.

ఇన్‌సాఫ్ కాఫీ కప్పు కింద పెట్టింది. అతన్నే చూస్తోంది.

అప్పుడతను ఫోను తీసి ఆ స్లైడు తెరిచాడు. తర్వాత నజ్వా చేతికిచ్చాడు. "ఇది ఆఫీసులో చూపించాను. పెద్దవాళ్ళ ముందు. చదవండి."

నజ్వా కళ్ళద్దాలు వెతుక్కుంది. గట్టిగా చదివింది. "తోలుబొమ్మలు. మనుషులు ఆలస్యం చేస్తారు, మరచిపోతారు, అలుగుతారు. వీళ్ళు ఒక్కసారి కూడా చేయలేదు. కాబట్టి వీళ్ళు మనుషులు..." ఆగిపోయింది.

"ఇందులో నేనెక్కడ?" అని అడిగింది హయాత్, మెడ సాచి.

అతను ఒక చిన్న చుక్క చూపించాడు.

"నేను?" "నేనో?" ఫోను చేతులు మారింది. అతను ఒక్కొక్కరికి ఒక్కొక్క చుక్క చూపించాడు. మా అమ్మకి ఎడమ పక్క కింద చుక్క వచ్చింది. "మరీ ఇంత సన్నగా ఉన్నానా" అని ఆమె అన్నా ఎవరూ నవ్వలేదు.

"మరి మధ్యలో ఈ పెద్దది?"

"ఖాల్తో."

నజ్వా కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "వీడు నిజమే చెప్తున్నాడే" అంది అందరితో. "పెద్దమ్మను కాపాడాలనుకున్నోడు ఇట్లాంటిది తెచ్చి చూపించడు. సిగ్గున్నోడెవడూ చూపించడు." ఇన్‌సాఫ్ వైపు తిరిగింది. "నా నాలుక తెగిపోను. ఇన్‌సాఫ్, క్షమించు. సెలూన్‌లో ఏమేమి వాగానో నీదాకా వచ్చే ఉంటది."

"వచ్చింది" అంది ఇన్‌సాఫ్. "రంగు వేసేటప్పుడు నోరు మూసుకుంటే రంగు సమంగా పడుతుంది. నేనెప్పుడో చెప్పాను నీకు."

దాంతో గది గాలి పీల్చుకుంది. తప్పుకుంటామన్నవాళ్ళు తప్పుకునే మాట ఎత్తలేదు. ఒకావిడ లేచి ఇన్‌సాఫ్ నుదురు ముద్దు పెట్టుకుంది. ఆమె పేరు ఆమెకి తిరిగొచ్చింది. నేనక్కడే ఉన్నాను కాబట్టి చెప్పగలను, ఆ పేరు వచ్చిన దారంతా రబీహ్ మీదుగా వచ్చింది. నాలుగు నిమిషాల ముందు అతన్ని దీవించినవాళ్ళు ఇప్పుడు అతని వైపు చూడటానికి ఇబ్బందిపడుతున్నారు. తిట్టినా బాగుండేది.

ఇన్‌సాఫ్ ఫోను తీసుకుని తనే ఒకసారి చదివింది. బడిపిల్ల నోటుపుస్తకం దిద్దినట్టు, వేలు పెట్టి.

"నలభై ఏళ్ళు ఎవర్నీ ఆలస్యం చేయనివ్వలేదు నేను. అది చూసి మనుషులు కారనుకున్నావా?"

"చూడలేదు ఖాల్తో. చుక్కలే చూశాను."

"చూపించినప్పుడు అక్కడున్నవాళ్ళు ఏమన్నారు?"

అతను తల వంచుకున్నాడు. "నవ్వారు."

"వాళ్ళకి చెప్పావా, ఇది మేమని?"

"లేదు."

"మరి ఇక్కడికెందుకొచ్చావు? మేం మనుషులమని మాకు తెలుసు కదా నాన్నా." కోపం లేదు ఆ గొంతులో, అది వినడానికే కష్టంగా ఉంది. "తెలియనివాళ్ళకి చెప్పు, పో."

అతను వెళ్ళాడు. ఆ వారమంతా జల్లెడ పట్టిన మిగతా గుంపుల్ని ఒక్కొక్కటే తెరిచి తన కళ్ళతో చూశాడు. తేడా కనిపెట్టడానికి పెద్ద విద్య అక్కర్లేకపోయింది. దొంగ గుంపులో డబ్బు తాళ్ళు లాగేవాడి దగ్గరికి చేరి అక్కడే ఉండిపోతుంది. జమియ్యాలో ప్రతి నెలా వేరే చేతికి వెళ్తుంది. ఒక నెల ముందుకు జరిపి చూస్తే చాలు. అతను జరిపి చూడలేదు, అంతే. అలాంటి గుంపులు చాలానే బయటపడ్డాయి. ఎక్కడివాళ్ళో తెలియదు, ట్రిపోలీనో, జహ్లేనో, నబతియ్యేనో. పేర్లు లేవు. ప్రతి గుంపు మధ్యలోనూ ఒక పెద్ద చుక్క ఉంది. ఆ చుక్కకి కంపెనీలో పనిచేసే చెల్లెలి కొడుకు ఉండకపోవచ్చు. ఆ మెట్ల మీద సలాములు ఎంతమంది మింగేశారో ఎవరికి తెలుసు.

"గాజులు ఇంకెంతమంది అమ్ముకున్నారో" అన్నాడు నాతో, వ్యాను దిగి నడుస్తూ. సిగరెట్టు అడగలేదు.

సభలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఉత్తరం రాశాడు. తోలుబొమ్మలన్నది తన పెద్దమ్మ జమియ్యా అనీ, మధ్యలో పనీపాటా లేనివాడని తను అన్నది ఒక రిటైరైన పంతులమ్మ గురించనీ, జల్లెడ తప్పనీ, ఆ తప్పు తనదనీ. తేలింది, చేయబడింది లాంటి మాటలు లేకుండా రాశాడు. నాకు చూపించాడు. బాగుందని నేననలేదు. బాగుండడం అక్కడ విషయం కాదు. మూసిన వాకిళ్ళన్నీ తెరిపించాడు, బోర్డు మీద కంపెనీ తరపున క్షమాపణ పెట్టించాడు. ఉద్యోగం పోతుందనుకున్నాడు. పోవాలనే కోరుకున్నాడేమో కూడా.

తర్వాతి నెల మొదటి తారీకున అతను మళ్ళీ ఇన్‌సాఫ్ ఇంటికి వచ్చాడు. నజ్వా తలుపు తీసి, "రండి చుక్కల సారూ" అంది. అతను గుమ్మం పక్కనే, చెప్పుల దగ్గరున్న ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. ఆడవాళ్ళు ఫోన్లలో డబ్బు పంపుకుంటున్నారు. నోట్లకి తిరిగి వెళ్దామని ఒకరంటే ఇన్‌సాఫ్ ఒప్పుకోలేదు. "ఫోనేం చేసింది పాపం" అంది.

పని అయ్యాక ఆమె అతని వైపు చూసింది.

"చెప్పావా?"

"చెప్పాను. అందరికీ."

"ఏమన్నారు? బాధపడ్డారా?"

ఆఫీసులో జరిగింది ఇదీ. సిరీన్ ఆ ఉత్తరం చదివి పరుగెత్తుకుంటూ వచ్చి భుజం తట్టింది. మీవాళ్ళందరినీ కలిపితే తిరిగొచ్చేవాళ్ళ లెక్క పెరుగుతుంది కదా, మన దగ్గర అందరికంటే నమ్మకమైనవాళ్ళు వీళ్ళేనట కదా, ముందే చెప్పవేం అంది. అబూధాబీ పెద్దమనిషి శుభాకాంక్షలు పంపాడు. పోస్టరు వేయడానికి ఇన్‌సాఫ్ ఫొటో కావాలన్నారు, లేదని చెప్పాడు. జీతం పెంచుతామన్నారు. ఇదంతా అతను నాకు ముందే చెప్పాడు. ఆమెకి ఎలా చెప్తాడో చూద్దామని నేను ఊరుకున్నాను.

"సంతోషించారు ఖాల్తో" అన్నాడు. "లెక్క పెరిగిందని."

ఇన్‌సాఫ్ తన ఫోను చేతిసంచిలో పెట్టేసింది.

"మరి నువ్వు సంతోషించావా?"

అతను పక్కనున్న చెప్పుల్ని జతలుగా సర్దడం మొదలుపెట్టాడు. ఆమె రెండోసారి అడగలేదు. హయాత్ లేచి, ఇంకో కప్పు కాఫీ పోసి, అతని పక్కన నేల మీద పెట్టి, తన చోటికి వెళ్ళి కూర్చుంది. అతను దాన్ని తాకలేదు.